నాలుగేళ్లు ముందొచ్చిన ఇంజన్

ఆ ఉదయం గుమాస్తాగారికి ఉన్న పని ఒక్కటే. మేడ మీది గదిలో బల్ల నిండా కట్టిన బొమ్మ రైల్వే స్టేషనుకి దుమ్ము తుడిచి, సాయంత్రం నాలుగింటికి భార్య అన్నగారు రాగానే డీజిల్ ఇంజన్ నడిపి చూపించడం.

అన్నగారు రిటైరైన రైలు డ్రైవరు. రెండేళ్ల కిందట ఇదే గదిలో నిలబడి, "ఈ వయసులో బొమ్మలాటేమిటి బావా?" అని నవ్వాడు. ఈయన మాట్లాడటం మానేశాడు, ఆయన రావడం మానేశాడు. మధ్యలో నలిగింది ఆవిడ. చివరికి ఆవిడే ఫోన్ చేసి అన్నగారిని రమ్మంది. ఆయన మొదటిసారి డీజిల్ ఇంజన్ ఎక్కిన 1968 నాటి స్టేషన్నే గుమాస్తా కట్టిపెట్టాడు. నోటితో చెప్పలేని రాజీ అది.

దేవుడికి దణ్ణం పెట్టుకుని పాత రైల్వే పత్రిక తిరగేస్తుంటే ఒక వాక్యం కళ్లబడింది. ఆ లైన్లో డీజిల్ ఇంజన్లకి పచ్చరంగు వేసింది 1972లోనట. బల్ల మీదున్నదేమో పచ్చ ఇంజన్. ముప్పై నాలుగేళ్లు తపాలా కచేరీలో ఉత్తరాల మీద తేదీ ముద్ర కొట్టిన మనిషి ఈయన.

"ఇది నాలుగేళ్లు ముందే వచ్చేసిందే" అన్నాడు.

"రైలు ముందుగా రావడం నేనెక్కడా వినలేదు. సంతోషించండి" అంది భార్య.

"మీ అన్నయ్య ఇట్టే పట్టేస్తాడు. మళ్లీ నవ్వుతాడు."

కొత్త రంగు ఆరడానికి రెండు రోజులు పడుతుంది. అందుకని ఇంజన్ జోలికి పోకుండా, స్టేషన్నే డెబ్బై రెండుకి మార్చేద్దామనుకున్నాడు. డెబ్బై రెండులో ఆ లైన్లో బొగ్గు ఇంజన్లు లేవు కాబట్టి బొగ్గు ఇంజన్ డబ్బాలోకి వెళ్లింది. అది లేనప్పుడు నీళ్ల ట్యాంకు ఎందుకని దాన్ని లాగితే, సగం ప్లాట్‌ఫారం వెంట వచ్చింది. కొయ్య వంతెనని డెబ్బైలోనే తీసేశారు. అగ్గిపుల్లలతో మూడు నెలలు కట్టినదాన్ని కళ్లు మూసుకుని పీకితే మూడు ముక్కలై ఊడొచ్చింది. ఇనుప వంతెన చేసే వ్యవధి లేక నదిని పూడ్చేశాడు.

"నదేమైందండీ?"

"ఆ ఏడు వానల్లేవనుకో."

"ఆ దేవుడైనా ఇంత తొందరగా ఎండగట్టడు" అందావిడ.

మధ్యాహ్నం అన్నగారు ఫోన్ చేసి బావ ఏం చేస్తున్నాడని అడిగితే, ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది.

"నువ్వొస్తున్నావని పొద్దున్నుంచీ అన్నీ పీకేస్తున్నారన్నయ్యా. వంతెన పోయింది. ఇప్పుడు స్టేషన్ మీద పడ్డారు."

డ్రైవరు గంట ముందే వచ్చేశాడు. జిగురు చేతులతో శిథిలాల మధ్య కూర్చున్న బావని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏదో నోరు జారాను బావా. కోపముంటే నన్ను తిట్టు. వంతెనేం చేసింది?"

"కోపమా? ఇంజన్ రంగు ఆ ఏటిది కాదు. నువ్వు పట్టేస్తావని..."

డ్రైవరు ఇంజన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"రంగు నాకేం తెలుసు? చీకట్లో ఎక్కేవాణ్ణి, చీకట్లో దిగేవాణ్ణి. లోపల కూర్చుంటే కనిపించేది పట్టాలే. రంగు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లని అడగాలి."

డ్రైవరు చొక్కా చేతులు మడిచి కింద కూర్చున్నాడు.

"ఆ వంతెన ముక్కలు ఇటియ్యి. ఆ వంతెన మీద ఎన్నిసార్లు వెళ్లానో."

ఇద్దరూ కలిసి ముక్కలన్నీ అతికించి, నదిని మళ్లీ తవ్వారు. ఆరింటికి, డెబ్బై రెండు నాటి ఇంజన్ డెబ్బైలో తీసేసిన వంతెన దాటి, అరవై ఎనిమిది నాటి స్టేషన్లో ఆగింది. ఈసారి గుమాస్తా తేదీల జోలికి పోలేదు.