కిర్రు తలుపు మీద క్రమబద్ధమైన పరిశోధన

తెలిసిన విషయం వేరు, రుజువైన విషయం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీ స్థలంలోనే నాగరికత తన ఆఫీసులన్నీ కట్టుకుంది. పెద్దాసుపత్రి యాజమాన్యం ఈ సత్యాన్ని ఆలస్యంగానైనా గుర్తించి, ఇక మీదట ఉద్యోగులెవరూ తమకు తెలిసినదాన్ని పట్టుకుని పనిచేయరాదని ఉత్తర్వు జారీ చేసింది. ముందు పరిశోధన పద్ధతులు నేర్చుకోవాలి, ఒక అధ్యయనం పూర్తిచేయాలి, ఆ తర్వాతే తెలుసుకోవాలి. అధ్యయనం లేనివారికి ప్రమోషన్ లేదు. (ఈ ఉత్తర్వు ఏ అధ్యయనం మీద ఆధారపడి ఇచ్చారని అడిగిన మందుల గది ఉద్యోగిని పాత రికార్డుల గదికి మార్చారు. అక్కడ చాలా ప్రశాంతంగా ఉంటుందట.)

ఆపరేషన్ల వార్డులో పనిచేసే నర్సమ్మకి హెడ్ నర్సు కుర్చీ అందీ అందనట్టుగా ఉంది. ఏళ్ల తరబడి నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు తేలిన మనిషి. ఆ కుర్చీ ఆమెకు హోదా కన్నా ముందు కుర్చీగా కావాలి.

ఆ వార్డు తలుపు తీసినా కిర్రుమంటుంది, వేసినా కిర్రుమంటుంది. దానికి ఆనుకునే మొదటి మంచం. దాని మీద ఇప్పుడున్నది నర్సమ్మ సొంత అత్తగారు, జీవితమంతా కుట్టు మిషన్ తొక్కి బతికిన మనిషి. కడుపు ఆపరేషన్ అయింది. "కంటినిండా నిద్రపోతేనే కుట్లు మానతాయి, మానితేనే ఇంటికి," అని డాక్టరు తేల్చి చెప్పేశాడు. చెప్పి, తలుపు కిర్రుమనిపించుకుంటూ వెళ్లిపోయాడు.

"అమ్మాయ్, ఆ తలుపు మూలుగు నా మూలుగుని మించిపోతోందే. ఇంట్లో మిషన్ నూనె డబ్బా ఉంది కదా, తెచ్చి రెండు చుక్కలు వేసెయ్," అంది అత్తగారు.

"తెస్తాలెండి అత్తయ్యా, అదెంత పని!"

తెచ్చేదే. కానీ ఆ మధ్యాహ్నమే పరిశోధన పద్ధతుల క్లాసు మొదలైంది. పాఠం చెప్పడానికి వచ్చినాయన్ని అందరూ ఆధారాల సారు అంటారు. ఉక్కగా ఉంది, ఫ్యాను వేయమంటారా అని ఎవరో అడిగితే, ఉక్కగా ఉందనడానికి ఆధారమేమిటని అడిగి, థర్మామీటరు వచ్చేదాకా క్లాసుని చెమటలో కూర్చోబెట్టిన ఘనుడు.

"మీ సమస్య ఏమిటమ్మా?" అన్నాడు నర్సమ్మ వంక చూసి.

"మా వార్డు తలుపు కిర్రుమంటోంది సార్. పేషెంట్లకి నిద్ర పట్టట్లేదు. కాస్త నూనె వేద్దామని..."

"నూనె వేసేస్తే ఇంక దేనిమీద పరిశోధన చేస్తారు?"

"అప్పుడింకేముంటుంది సార్? కిర్రే ఉండదుగా."

"చూశారా!" అన్నాడాయన, చెయ్యి జారబోయిన గాజు గ్లాసుని పట్టుకున్నంత ఊరటగా. "ఎంత చక్కటి సమస్యని పాడుచేసుకోబోయారో!"

అలా తలుపు అధ్యయనాంశం అయింది. ఫలితాలు తేలేదాకా దాని జోలికి ఎవరూ పోకూడదని కాగితం రాసి తలుపుకే అంటించారు. (అది చదవడానికి జనం తలుపుని ముందుకీ వెనక్కీ జరపడంతో కిర్రు రెట్టింపయింది. అది మంచి పరిణామమని సారు అన్నాడు.)

మొదటి మెట్టు సాహిత్య సమీక్ష, అంటే ఆ సమస్య మీద ఇంతవరకూ ఎవరేం రాశారో చదవడం. సాహిత్యమంటే సాహిత్యమే అనుకుంది నర్సమ్మ. లైబ్రరీ నుంచి సంచీడు నవలలు మోసుకొచ్చి, సెలవురోజుల్లో కూర్చుని చదివి, నిష్ఠగా రాసింది: "నాయికలు తలుపు చాటున నిలబడి ఏడ్చిన సందర్భాలు అనేకం. తలుపు ధడాలున వేసుకున్న సందర్భాలు అంతకన్నా ఎక్కువ. నూనె వేసిన నాయిక ఒక్కతీ కనబడలేదు." సారు ముందూ వెనకా తిరగేసి చూశాడు. మార్జిన్లు సరిగ్గా ఉన్నాయి. "పరిశోధనలో ఇంతవరకూ ఎవరూ పూరించని ఖాళీ ఎక్కడుందో భలే పట్టుకున్నారమ్మా," అని సంతకం పెట్టాడు.

ఆ తర్వాత పోలికకి కిర్రుమనని తలుపు ఒకటి కావలసివచ్చింది. ఆసుపత్రి అంతా గాలిస్తే అలాంటిది డైరెక్టరు గదికి మాత్రమే ఉంది. కొలతలు తీసుకుంటే ఆ గదిలో ఆఫీసు వేళల్లో సైతం నిద్ర అమోఘంగా ఉన్నట్టు తేలింది. డైరెక్టరు తన గది సైన్సుకి ఉపయోగపడుతున్నందుకు ఎంతో సంతోషించి, మళ్లీ పడుకున్నాడు.

నైతిక విలువల కమిటీ మాత్రం ఒక అభ్యంతరం లేవదీసింది. పరిశోధకురాలికీ మొదటి మంచానికీ బంధుత్వం ఉంది. కనుక డ్యూటీలో ఉన్నంతసేపూ ఆ బంధుత్వం రద్దు. అత్తయ్యా అని పిలవకూడదు. అధ్యయన భాగస్వామి అనాలి.

"భాగస్వామిగారూ, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?" అని అడిగింది నర్సమ్మ, తల దించుకుని.

"భాగస్వామేమిటే? మీ మామయ్య పోయాక నాకింకో భాగస్వామి ఎక్కణ్నుంచి వచ్చాడు?"

పక్క మంచం ఆవిడకి నవ్వాగలేదు. ఆవిడ కుట్లు ఆవిడ పట్టుకుంది.

"అది కాదండీ... రూలు. చెప్పండి, ఎన్నిసార్లు?"

"పడుకుంటే కదే, మెలకువ రావడానికి!"

నర్సమ్మ 'వర్తించదు' అని రాసుకుంది.

పెద్దావిడ మొహం రోజురోజుకీ పీక్కుపోయింది. కట్టు విప్పిన ప్రతిసారీ డాక్టరు పెదవి విరిచాడు. ఒకరోజు నర్సమ్మ ఉండబట్టలేక నూనె డబ్బా సంచిలో వేసుకుని వచ్చింది. తలుపు దగ్గర నిలబడింది, మూత తీసింది, తలెత్తి ఆ కాగితం చూసింది. అధ్యయనం పాడైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, మళ్లీ ఆ నవలలన్నీ చదవాలి. పిక్కలు సలిపాయి. మూత పెట్టేసింది.

మంచం మీంచి అత్తగారు ఇదంతా చూసింది. అధ్యయనంలో చేర్చుకునేటప్పుడు తనతో సంతకం పెట్టించుకున్న కాగితం తెమ్మని, కళ్లజోడు పెట్టుకుని, వరస వెంట వేలు జరుపుకుంటూ చదివింది.

"ఇందులో, ఎప్పుడు కావాలంటే అప్పుడు కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు అని ఉందే."

"ఉందండీ."

"అయితే తప్పుకుంటున్నా. ఇంక నేను మీ లెక్కలో లేను. ఇప్పుడు వెయ్యవే తల్లీ, ఆ రెండు చుక్కలు."

విషయం కమిటీకి వెళ్లింది. కమిటీ సానుభూతితో పరిశీలించింది. భాగస్వామి అధ్యయనం నుంచి తప్పుకోవచ్చు, మంచం నుంచి తప్పుకోవడం డాక్టరు పరిధిలోని విషయం అని చెప్పింది.

"మరి నూనె?" అంది అత్తగారు.

"నూనె వెయ్యాలంటే ఇక్కడ ఎవరికో నిద్ర పట్టట్లేదని ఆధారం ఉండాలి అత్తయ్యా," అంది నర్సమ్మ. (ఆవిడ తప్పుకుంది గనక బంధుత్వం తిరిగి అమల్లోకి వచ్చింది.) "ఆ ఆధారం మీరే. మీరేమో తప్పుకున్నారాయె."

పెద్దావిడ గోడవైపు తిరిగింది.

నివేదిక నెలాఖరుకి పూర్తయింది. నియమం ప్రకారం తప్పుకున్నవారి వివరాలు తీసేశారు. మొదటి మంచంలో నిద్ర పట్టనివారి సంఖ్య సున్నాకి దిగింది. ఏ ఖర్చూ లేకుండా, ఒక్క చుక్క నూనె వాడకుండా ఇంత మార్పు సాధించడం ఇదే మొదటిసారని కమిటీ మెచ్చుకుని, నర్సమ్మకి కుర్చీ ఇచ్చింది. చివరి పేజీలో ఒక్క సిఫారసు మాత్రం చేసింది: ఈ ఫలితం ఇలాగే నిలబడాలంటే, ఆ తలుపుని ఎవరూ ముట్టుకోకూడదు.