సున్నా మార్కుల కుళాయి

పొద్దున్నే లేచి, ఎండెక్కేలోపు ఇన్నూరు గోలీసోడాలు కొట్టెయ్యాలనుకున్నాడు మీరా సాహెబ్. ఆ సాయంత్రమే చిన్నకోటయ్య కూతురి పెళ్లి. మీరా సాహెబ్ గోలీ నొక్కితే ఆ కీచుకు మాచర్ల బండి సిగ్గుపడి కూత మానేస్తుందని నరసరావుపేటలో చెప్పుకునేవారు. ఈ పెళ్లిలో పేరొస్తే ఆ వేసవి ముహూర్తాలన్నీ ఆయనవే. పేరు పోయిందా, సీసాలు పగలగొట్టి గోలీలు పిల్లలకు పంచాల్సిందే.

కుళాయి నీళ్లు పరీక్ష చేయించి, ఫలితాల కాగితాన్ని నెలకోసారి పంపుల ఆఫీసు గోడకు అంటించేవారు. అంతా ఇంగ్లీషు. ఆ పొద్దున దాన్ని గురునాథం పంతులుగారు చూశారు. ముప్పై ఏళ్లు మార్కులు వేసిన మనిషి! మార్కుల పట్టీకి పైన ఏం రాశారో చదివే పంతులు ఎక్కడైనా ఉంటాడా? నేరుగా అంకెల మీదికి దిగారు.

"ఒరేయ్ మీరా! మన వీధి కుళాయికి సున్నా వచ్చిందిరా. స్టేషను వీధి దానికి డెబ్బై!"

"ఒక్క మార్కన్నా రాలేదా పంతులుగారూ?"

"ఒక్కటీ లేదు. నా సర్వీసులో ఇంత మొద్దు కుళాయిని చూళ్లేదు."

గంటలో వీధంతా పాకింది. మనవడు మూడో తరగతిలో మూడేళ్లు కూర్చున్నది ఈ నీళ్లు తాగేనని తేల్చి, కొండమ్మ నిండు బిందె రోడ్డు మీదే కుమ్మరించింది. స్టేషను వీధిలో బిందెల వరస రైలుకన్నా పొడుగైంది. చిన్నకోటయ్య రొప్పుతూ వచ్చాడు.

"ఏంది మావా, తప్పిన నీళ్లు నా వియ్యంకుడికి పోస్తావా?"

"అల్లా తోడు! డెబ్బై మార్కుల నీళ్లతోనే కొడతా. ఏమే అబిదా, స్టేషను వీధికి పో!"

భార్య అబిదా గొణుక్కుంటూ బిందెలెత్తుకుంది. అనుకున్నదానికన్నా తొందరగానే నీళ్లొచ్చాయి, సోడాలూ అయ్యాయి.

పందిట్లో వియ్యంకుడు మూడు సోడాలు తాగి, "డెబ్బై మార్కుల రుచే వేరు!" అన్నాడు. మీరా సాహెబ్ గడ్డం నిమురుకుంటున్నాడు. అంతలో పంపుల ఆఫీసు ఇనస్పెక్టరు చెమటలు తుడుచుకుంటూ పెళ్లికొచ్చాడు.

"ఆలస్యమైంది కోటయ్యా. స్టేషను వీధి కుళాయికి తాళమెయ్యాలని పొద్దుననగా పోయా. జనం కదిలితేగా! పైపు పగిలి మురుగు కలిసిందయ్యా. డెబ్బై క్రిములు తేలినై."

"మరి మా సున్నా?" అన్నాడు మీరా సాహెబ్.

"ఒక్క క్రిమీ లేదని. కాగితం పైన రాసే ఉందిగా!"

అందరూ పంతులుగారి వైపు తిరిగారు. పంతులుగారు తమలపాకు ఈనెలు తియ్యడంలో మునిగిపోయారు. వియ్యంకుడు రెండు చేతులా పొట్ట పట్టుకున్నాడు. మీరా సాహెబ్ ఆడవాళ్ల వైపు పరుగెత్తాడు.

"అబిదా, చచ్చాం!"

"ఏం చావలా. ఆ వరస చూసి నా నడుం ఒప్పుకోలా. మన కుళాయిలోనే పట్టుకొచ్చా. అక్కడ నరపురుగు లేదు, ధార చానా బాగుంది."

పెళ్లయిన ఇరవయ్యేళ్లలో, భార్య తన మాట విననందుకు మీరా సాహెబ్ మొదటిసారి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వెనక్కొచ్చి, "అన్నీ సున్నా నీళ్లేనయ్యోవ్!" అని పందిరి అదిరేట్టు కేకేశాడు. వియ్యంకుడి కడుపునొప్పి అక్కడికక్కడే తగ్గి నాలుగో సోడా అడిగాడు.

పైపు బాగుచేశాక, మరుసటి నెల రెండు కుళాయిలకూ సున్నాలే వచ్చాయి. ఇద్దరికీ సరిసమానంగా మార్కులొచ్చాయంటే ఒకదాన్ని చూసి ఒకటి రాసి ఉంటాయని పంతులుగారికి ఇప్పటికీ అనుమానమే.