వడపోసిన మాటలు, వేడినీళ్ళ తొట్టి

పొద్దున తొమ్మిదింటికి పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా భార్యను వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టాలి. పదింబావుకల్లా ఆవిడ చేత తనతో ఒక్క మాట పలికించాలి. తిట్టయినా సరే, పుచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

పదకొండు రోజులుగా ఆవిడ అతనితో మాట్లాడటం లేదు. పుట్టినరోజుకి గొప్ప కానుక తెస్తున్నానని వారం రోజులు ఊరించి, మెరుపు కాగితం చుట్టిన పెట్టెలో అరడజను టూత్‌బ్రష్షులు పెట్టి ఇచ్చాడు. మెత్తటి కుచ్చులవే ఏరి తెచ్చాడు గానీ ఆవిడ మెత్తబడలేదు. పగలంతా ఊరి జనం నోళ్ళు తెరిపించే మనిషికి ఇంట్లో ఒక్క నోరు తెరిపించడం చేతకాలేదు. చివరికి ఊరి నడిబొడ్డున, ఏడో అంతస్తులో, సొంత డాబా, దాని మీద హాట్ టబ్బు ఉన్న అపార్ట్‌మెంటు రెండు రోజులకు తీసుకున్నాడు.

ఆవిడ ఒకే షరతు మీద వచ్చింది. వెంట తన తల్లి ఉంటుంది. ఇంట్లో ఈ పదకొండు రోజుల్లాగే ఇక్కడా కబుర్లన్నీ తల్లి ద్వారానే నడుస్తాయి.

అత్తగారు ముప్ఫై ఏళ్ళు ఒక పెద్ద ఆఫీసులో ఫిర్యాదుల విభాగం చూసి రిటైరయ్యారు. జనం రాసుకొచ్చిన కాగితాల్లోంచి తిట్లూ శాపనార్థాలూ ఏరేసి, మిగిలిన సారాన్ని పై అధికారి ముందు పెట్టడం ఆవిడ పని. ఏరివేతలో ఒక్కోసారి సారం కూడా పోయేది. అందుకే అధికారులకు ఆవిడంటే ప్రాణం. ఫిర్యాదు చేసినవాళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తుండేవాళ్ళు.

డాక్టరుగారి భార్య స్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది. టీ తాగుతూ తొట్టి వాడే పద్ధతి నాలుగు పేజీలూ చదివేసి, గదిలోంచే కేకేసింది.

"అమ్మా! ఆ మహానుభావుడికి చెప్పు. నీళ్ళు పై గీత దాకా నిండకుండా మీట నొక్కాడంటే కాళ్ళు విరగ్గొడతాను."

అత్తగారు డాబా మీదికి నడిచారు. "బాబూ, నీళ్ళ దగ్గర మీ కాళ్ళు జాగ్రత్తట. అమ్మాయి ఒకటే బెంగ."

డాక్టరు గుండె పొంగింది. ఆ పొంగులోనే మీట నొక్కాడు. తొట్టి సగమే నిండి ఉంది. తొట్టి గోడల్లో పై వరసలో ఉన్న ఎనిమిది రంధ్రాలూ ఒక్కసారి నీళ్ళను గాల్లోకి చిమ్మాయి. కుర్చీ మీద ఆరేసిన తువ్వాళ్ళూ, మడత విప్పని బట్టలూ, అత్తగారి కళ్ళజోడూ తలంటి పోసుకున్నాయి.

అద్దాల తలుపు వెనక భార్య పళ్ళు నూరింది. భర్తగా అతను భయపడ్డాడు, డాక్టరుగా బాధపడ్డాడు.

"అత్తయ్యగారూ, తప్పంతా నాదేనని చెప్పండి. ఇదే కాదు, ఆ బ్రష్షుల సంగతి కూడా. నన్ను క్షమించమనండి."

అత్తగారు లోపలికి వెళ్ళారు.

"ఏమంటున్నాడమ్మా?"

"ఎండ బాగుందంటున్నాడే."

"ఎండా?" భార్య చేతిలోని కాగితాలు బల్లకేసి కొట్టింది. "ఇదిగో, ఇది కూడా చెప్పు. తొట్టి నిండాక అందులో నురగ సబ్బు ఒక్క చుక్క పడితే కొంప మునుగుతుందని. అసలే ఆ మనిషికి నురగ చూడకపోతే తెల్లవారదు."

ఈసారి అత్తగారు గడప దగ్గరే ఆగి, కాస్త ఆలోచించి, కొంపా మునగడమూ తీసేశారు. "నురగ సబ్బు సంగతి మరీ మరీ చెప్పమంది, బాబూ. మీ ఇష్టాలన్నీ దానికి గుర్తే."

డాక్టరు ఆనందం పట్టలేక పక్కనున్న సబ్బు సీసా మొత్తం తొట్టిలో వంపాడు. నీళ్ళు గీత దాటగానే మీట నొక్కాడు.

రెండు నిమిషాలు ఏమీ కాలేదు. మూడో నిమిషంలో తొట్టి మీద తెల్లటి గోపురం లేచింది. మీటను వెతుక్కుంటూ డాక్టరు దాంట్లోకి వెళ్ళి, కాలు జారి, తొట్టిలో పడి, అన్ని విధాలా తలమునకలయ్యాడు. నురగ గడప వైపు బయల్దేరింది. భార్య దానికి ఎదురు పరిగెత్తుకొచ్చి, తడిమి తడిమి మోటారు ఆపింది.

"అమ్మా, ఆ తలుపు మూస్తే ఇటునుంచి తెరుచుకోదు! మూశాడంటే ఇక్కడే పాతిపెడతానని చెప్పు!"

తొట్టిలోంచి అప్పుడే తేలిన అల్లుడి చెవి దగ్గరికి అత్తగారు వంగారు. "బాబూ, తలుపు సంగతి కాస్త చూడమంటోంది."

డాక్టరు చూశాడు. నురగ లోపలి తివాచీ అంచు దాకా వచ్చేసింది. భార్య ఇన్నాళ్ళకు ఒక పని చెప్పింది కదా అని ఒక్క ఉదుటున వెళ్ళి తలుపు బిగించి మూశాడు. టక్కుమంది.

ఫోన్లు మూడూ లోపల ఉన్నాయి.

గాలికి నురగ పిట్టగోడ దాటి ఆరో అంతస్తు బాల్కనీలో దిగింది. కాసేపట్లో కిందనుంచి బిల్డింగు మేనేజరు గొంతు వినిపించింది. "పైన ఏమన్నా ఇబ్బందా అండీ?"

పిట్టగోడ దగ్గరున్నది అత్తగారొక్కరే. మొగుడూ పెళ్ళాలు తలుపు పిడి పట్టుకుని వేలాడుతున్నారు. ఫిర్యాదు వినడానికి ఒక అధికారి ఎదురు పడేసరికి అత్తగారి నడుం తనంతట తనే వంగింది.

"అబ్బే, ఇబ్బందేం లేదు బాబూ! అంతా బాగుంది. మీరేం శ్రమ తీసుకోకండి."

"సరేనమ్మా. రెండింటికి శుభ్రం చేసేవాళ్ళని పంపిస్తాలెండి."

డాక్టరు కేక వెయ్యబోతే నోట్లోంచి బుడగ వచ్చింది. కింద తలుపు మూసుకున్న చప్పుడైంది. అప్పటికి పదిన్నర.

"అమ్మా!" భార్య తల పట్టుకుంది. "నేనేం చెప్పమన్నాను, నువ్వేం చెప్పావు? మూయొద్దనమన్నాను కదా!"

"మూయొద్దన్నావా?" డాక్టరు నీళ్ళు నమిలాడు, నోట్లో నిజంగానే ఉన్నాయి. "మీ అమ్మగారు నన్ను చూడమన్నారు! నా కాళ్ళ మీద నీకు బెంగన్నారు!"

"విరగ్గొడతానన్నాను!"

"మరి నేను క్షమించమని చెప్పమంటే నువ్వు ఉలకలేదు, పలకలేదు. పదకొండు రోజులూ రోజుకోసారి చెప్పించాను. లెక్కేసుకో, పదకొండు సార్లు!"

భార్య నెమ్మదిగా తల్లి వైపు తిరిగింది. "క్షమించమన్నాడా? నాకు ఎండన్నావు. మొన్న కూర బాగుందన్నావు. నిన్న బస్సు ఆలస్యమన్నావు."

అత్తగారు కొంగు పిండుకుంటూ నిటారుగా నిలబడ్డారు. "తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితం పైకి పంపకూడదు. రేపు మనిషి మాట మార్చే వీలుండదు. ముప్ఫై ఏళ్ళు అదే చేశాను. ఎవరైనా ఒక్క మాటన్నారా?"

"వాళ్ళు అన్నది కూడా నువ్వే ఏరేసి ఉంటావు!"

డాక్టరుకి నవ్వాగలేదు. భార్యకీ ఆగలేదు. శుభ్రం చేసేవాళ్ళు వచ్చి తలుపు తీయడానికి ఇంకా మూడున్నర గంటలుంది, తడిబట్టలకు చలేస్తోంది, డాబా మొత్తం మీద వెచ్చగా ఉన్నది తొట్టి ఒక్కటే. ఇద్దరూ కట్టుబట్టలతోనే దిగి, మెడ దాకా నురగలో కూర్చుని, పదకొండు రోజుల మాటలూ మొదటినుంచి మొదలెట్టారు. తిట్లు తిట్లుగా, క్షమాపణలు క్షమాపణలుగా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా.

అత్తగారు తడి కుర్చీలో వీపు తిప్పుకుని కూర్చుని ఇద్దరితోనూ మాటలు మానేశారు. ఆ కబురు మోసుకెళ్ళడానికి ఎవరూ లేకపోవడంతో మధ్యాహ్నం రెండింటిదాకా అది వాళ్ళకు తెలియలేదు.