మోకాలి లోతు రాజీ

మా ఆయన టైలరు. వీధిలో అందరూ ఆయన్ని సగం మాస్టారంటారు. ఒకే గుడ్డ కోసం ఇద్దరు అన్నదమ్ములు పోట్లాడుకుంటే, దాన్ని నడిమికి కత్తిరించి చెరో చేతుల్లేని చొక్కా కుట్టి పంపిన ఘనుడు. రాజీ అంటే ఆయనకి తెలిసింది అంతే, టేపు పెట్టి సరిగ్గా మధ్యలో కోసెయ్యడం.

ఆ అలవాటు మీదే నేను ఆశ పెట్టుకున్నాను.

మా అమ్మాయి ఈత నేర్చుకుంటానంది. నిండు బకెట్ పక్కన కూడా పిల్లకి కాపలా నిలబడ్డ మనిషిని నేను. దానికి పంతొమ్మిదేళ్లు వచ్చినా ఆ కాపలా మానలేదు. బొత్తిగా వద్దంటే అలుగుతుంది. పోనీ, మోకాలి లోతులో ఆడుకుని వస్తే చాలనుకున్నాను. అది నడుము లోతు అడుగుతుంది, నేను సున్నా అంటాను, ఆయన సగం చేస్తారు. మోకాలి దగ్గర ఆగుతుంది.

"చిటికెన వేలు కూడా తడవడానికి వీల్లేదండీ," అన్నాను.

అమ్మాయి నా వంక చూసి మెల్లగా నవ్వింది. "నాకు రెండు నిలువుల లోతు కావాలి నాన్నా."

ఆయన మెడలో టేపు సవరించుకున్నారు. "అటు సున్నా, ఇటు రెండు. ఒక నిలువు. అయిపోయింది."

"ఒక నిలువంటే పిల్ల మునిగే లోతండీ."

"మునగని చోట ఈత దేనికే?" అన్నారు సూదిలో దారం ఎక్కిస్తూ.

ఈత నేర్పే కొలను లోతు కూడా సరిగ్గా అంతేనని తర్వాత తెలిసింది.

నేను ఊరుకుంటానా. గట్టు మీద కూర్చుని కాపలా కాస్తానన్నాను. నీళ్లలో దిగేవాళ్లనే లోపలికి రానిస్తారంది అమ్మాయి. చచ్చినా దిగనన్నాను. అయితే నడుము లోతైనా దిగాలంది. ఆయన చెయ్యి టేపు మీదికి వెళ్తుంటే నాకు విషయం అర్థమైంది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం చిన్నపిల్లల కొలనులో, మోకాలి లోతులో, గోడ పట్టుకుని నిలబడుతున్నాను. బట్టలు ఆయనే కుట్టారు, సగం చేతులు, సగం కాళ్లు. నా చుట్టూ నాలుగేళ్ల పిల్లలు చేపపిల్లల్లా ఈదుతుంటారు. అవతలి కొలనులో మా అమ్మాయి మునిగినప్పుడల్లా నా ఊపిరి ఆగుతుంది. తేలాక మళ్లీ ఆడుతుంది.

నిన్న అది తల తుడుచుకుంటూ, "రేపు మెడ లోతు దాకా రావాలమ్మా," అంది.

"నడుము దాకా నేనే వస్తాను తల్లీ," అన్నాను. "మీ నాన్నని మాత్రం పిలవకు."