గీతలు పోయాయండీ

ఆదివారం తొమ్మిదింటికి గేటు కెమెరా బాగుచెయ్యడం, పదింటికి స్నానం, పదకొండింటికి మళ్ళీ సెక్రటరీగా ఎన్నికవడం. రిటైరైన లెక్కల మాస్టారు ఆ పూటకి వేసుకున్న పథకం ఇంతే. చివరికి స్నానం కూడా దక్కలేదు, అది తరవాతి మాట.

నాలుగంతస్తుల భవనం, అంతస్తుకో కాపురం. కింద పళ్ళ డాక్టరు, ముందు గదిలో క్లినిక్కు, వెనక ఇల్లు. ఆ పైన ప్లీడరుగారు, ఆ పైన ఆసుపత్రిలో పనిచేసే సిస్టరుగారు, అందరికంటే పైన మాస్టారు. ఈ నాలుగిళ్ళకీ ఒక సంఘం, దానికి తొమ్మిదేళ్ళుగా ఆయనే సెక్రటరీ. నాలుగిళ్ళకి సెక్రటరీ ఏమిటని నవ్వకండి. రిటైరయ్యాక ఆయన్ని మనుషులు సలహా అడిగే చోటు అదొక్కటే మిగిలింది. అదీ పోతే తను పొద్దున్నే పాలు తెచ్చే మనిషి తప్ప ఇంకేమీ కాదని ఆయనకి లోలోపల భయం.

చిక్కల్లా ఆ కెమెరాతో వచ్చింది. గేటు మీద ఆయనే దగ్గరుండి పెట్టించారు. బొమ్మ వచ్చేది ఆయనింటి టీవీలో, ఎవరు చూడాలన్నా అక్కడికే ఎక్కాలి. నెల రోజులుగా బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు, వాటి మీద అడ్డంగా పాకే గీతలు. "వచ్చింది మనిషో గోనెసంచో తెలియట్లేదు మాస్టారూ," అని పోయిన మీటింగులో పళ్ళ డాక్టరు నవ్వుతూ అన్నాడు. ఈసారి సెక్రటరీ పదవికి తనూ నిలబడతానని కూడా అదే నవ్వుతో అన్నాడు. ఆ దెబ్బకి మాస్టారు, వచ్చే మీటింగుకి బొమ్మ అద్దంలా ఉంటుందని మాటిచ్చేశారు.

మెకానిక్కుని పిలవచ్చు కదా అని మీరంటారు. ఆయన భార్యా అదే అంది.

"లెక్క చెయ్యడానికి మెకానిక్కెందుకు?" అన్నారు మాస్టారు. "ఎవరింట్లోనో ఏదో మిషను లైన్లో అల్లరి చేస్తోంది. ఒక్కో ఇంటికీ కరెంటు తీసి చూస్తాను. ఎవరిది తీస్తే గీతలు పోతాయో వాళ్ళదే తప్పు. నువ్వు టీవీ ముందు కూర్చో, నేను ఫోన్లో అడుగుతాను. గీతలున్నాయా, పోయాయా, అంతే చెప్పు. పక్క మాటలొద్దు."

ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత ఏకవాక్య సమాధానాలు రాయించిన మనిషి. ఆవిడ తలూపి కూర్చుంది.

కింద మెట్ల పక్కన మీటర్ల బోర్డు, దాని మీద నాలుగు స్విచ్చులు, నాలుగు చీటీలు. పోయిన నెల రంగులు వేసినప్పుడు పాత చీటీలు ఊడిపోతే, మాస్టారే గుండ్రటి అక్షరాలతో కొత్తవి రాసి, పై ఇల్లు పైన, కింది ఇల్లు కింద వచ్చేలా అంటించారు. అసలు కరెంటు పని చేసినవాడు మాత్రం పై స్విచ్చి కింది ఇంటికిచ్చి, అక్కణ్ణుంచి తిరగేసి ఇచ్చుకుంటూ పోయాడు. ఆ సంగతి మాస్టారికి తెలియదు.

"ప్లీడరు" అన్న చీటీ పక్క స్విచ్చి తీశారు.

"గీతలు?"

"ఉన్నాయి."

పైనుంచి సిస్టరుగారు దిగొచ్చారు. రాత్రంతా డ్యూటీ చేసి అప్పుడే పడుకున్న మనిషి, చంకలో దిండు కూడా ఉంది. "మాస్టారూ, మా ఫ్యాను ఆగిపోయింది."

"మీది ఆగదమ్మా. నేను తీసింది ప్లీడరుగారిది."

"ఆగిపోయిందండీ. చెమట్లు పోస్తున్నాయి."

"ఇదిగో, ప్లీడరు అని రాసుంది, చదవండి," అన్నారు మాస్టారు. ఎదురుగా మనిషి ఒకటి చెప్పి చీటీ ఇంకోటి చెబితే ఆయన చీటీనే నమ్ముతారు. జవాబులో తప్పుండచ్చు గానీ ప్రశ్నపత్రంలో తప్పుండదని ఆయన సిద్ధాంతం.

అది వేసేసి "సిస్టరు" అన్నది తీశారు. గీతలున్నాయనే జవాబొచ్చింది. ఈసారి ప్లీడరుగారు దిగారు. భుజాన తువ్వాలు, చేతిలో కరెంటు షేవింగు మిషను, కుడి చెంప నున్నగా, ఎడమ చెంప గరుగ్గా. తొమ్మిదేళ్ళుగా మీటింగులో మాస్టారి పేరు రాగానే మొదట చెయ్యెత్తేది ఈయనే.

"మాస్టారూ, సగంలో పోయింది."

"మీది ఇందాకే తీసి వేసేశానండీ. ఇప్పుడు తీసింది సిస్టరుగారిది."

"మరి నా చెంప ఎవరి లెక్కలోకి వస్తుంది?"

"కాస్త ఓపిక పట్టండి," అని మాస్టారు ఆ స్విచ్చి వేసి, "క్లినిక్కు" అన్నది తీశారు. "గీతలు?"

"పోయాయండీ," అంది భార్య.

మాస్టారికి కాళ్ళు నేల మీద ఆగలేదు. "ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు. కానీ ఏమండీ..."

"పక్క మాటలొద్దన్నానా," అని ఫోను పెట్టేసి తిన్నగా క్లినిక్కులోకి చొరబడ్డారు.

లోపల కుర్చీలో ఒక పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు. డాక్టరు ఆ నోట్లో మిషను తిప్పుతున్నాడు. మిషను జుయ్యిమంటోంది, నెత్తి మీద దీపం వెలుగుతోంది. మాస్టారు గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. కరెంటు తీసేసిన చోట మిషను తిరుగుతోందంటే ఆ లెక్కకి జవాబు ఒక్కటే.

"డాక్టరుగారూ, మీ కరెంటు ఇప్పుడే నా చేత్తో తీశాను. ఇది ఏ కరెంటుతో తిరుగుతోంది?"

"ఏ కరెంటేమిటి మాస్టారూ, నాదే."

"తీసేశానంటున్నానుగా. అంటే దొంగ లైను లాగారన్నమాట. అదే నా కెమెరాని పాడుచేస్తోంది."

డాక్టరు మిషను ఆపాడు. పేషెంటు నోరు మూయడం మరిచిపోయాడు. వెనకే వచ్చిన ప్లీడరుగారు తువ్వాలు సర్దుకుని, "దొంగ అన్న మాట నా ఎదుట అన్నారు మాస్టారూ. రేపు నన్ను సాక్ష్యం అడిగితే లేదనలేను," అన్నారు.

మాటా మాటా పెరిగి, పేషెంటుతో సహా అందరూ బోర్డు దగ్గర చేరారు. "మీ చెవులతో మీరే వినండి," అని మాస్టారు భార్యకి ఫోను చేసి స్పీకరు పెట్టారు. "గీతలు పోయాయా లేదా, అందరికీ వినపడేలా చెప్పు."

"పోయాయండీ. బొమ్మా పోయింది. టీవీ ఆగింది, ఫ్యాను ఆగింది, మనింట్లో కరెంటే లేదు. మీరు గీతల సంగతి ఒక్కటే చెప్పమన్నారు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది మాస్టారికి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. స్విచ్చి వేసి, డాక్టరుకి క్షమాపణ చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ నిలబడ్డారు. ఇంతలో ఇంకా ఆపని స్పీకర్లో భార్య గొంతు మళ్ళీ వినపడింది.

"ఏమండీ, బొమ్మొచ్చింది. అద్దంలా ఉంది. కరెంటు లేక ఊరికే కూర్చోలేక టీవీ వెనక దుమ్ము తుడిచాను. అక్కడ కెమెరా తీగ వదులుగా తగిలితే బిగించాను."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "విన్నారా, అద్దంలా ఉందట. అయిదు నిమిషాలు గేటు దగ్గర నిలబడండి, బొమ్మలో మిమ్మల్నే ఫోటో తీసి తెచ్చి చూపిస్తాను," అని రెండేసి మెట్లు చొప్పున మూడంతస్తులూ ఎక్కేశారు. క్షమాపణ సంగతి మొదటి మెట్టు మీదే మరిచిపోయారు. స్విచ్చిలతో, వాదనతో అప్పటికి మీటింగు వేళ, పదకొండు, దాటింది.

రొప్పుతూ టీవీ ముందు నిలబడ్డారు. నిజంగానే అద్దం, గేటు ఊచలు లెక్కపెట్టుకోవచ్చు. గేటు దగ్గర నలుగురూ నిలబడి ఉన్నారు. ప్లీడరుగారు ఏదో అడిగి, మొదటి చెయ్యి తనే ఎత్తారు. సగం గీసిన గడ్డం కూడా స్పష్టంగా కనపడుతోంది. సిస్టరుగారు దిండు రెండో చంకలోకి మార్చుకుని మరీ ఎత్తారు. ఓటు లేని పేషెంటు కూడా ఎత్తాడు. పళ్ళ డాక్టరు మొహమాటంగా నేల చూస్తూ అందరికీ దణ్ణం పెట్టాడు.

తొమ్మిదేళ్ళ పదవి అలా కళ్ళెదుటే పోయింది. భార్య ఆయన మొహం చూసి, "కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను," అంది.

ఆయన కూర్చోలేదు. టీవీ వైపే చూస్తూ నెమ్మదిగా అన్నారు. "ఆ తీగ మరీ అంత బిగించక్కర్లేదేమో."