ముక్కు కరిగినా నోరు విప్పని ప్రయాణికుడు

పాఠకులారా! రోదసిలోకి మనిషిని పంపడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. పంపితే బొమ్మనే పంపాలి. ఒకసారి కాదు, ఎప్పటికీ బొమ్మనే పంపాలి!

ఈ మాట అనే అర్హత నాకుంది. మా బావమరిది వ్యోమగామి. అంటే, ఇంకా గాల్లోకి లేవలేదనుకోండి. ఆరేళ్ళుగా శిక్షణలోనే ఉన్నాడు. గిరగిర తిరిగే యంత్రంలో తిరిగాడు, నీళ్ళ తొట్టిలో మునిగాడు, గొట్టాల్లోంచి భోంచేశాడు. తీరా మనుషుల్ని మోసే కొత్త నౌక సిద్ధమయ్యాక, మొదటిసారి మనుషుల్లేకుండా పంపి చూస్తామన్నారు. అతని సీట్లో ఓ ప్లాస్టిక్ బొమ్మను కూర్చోబెట్టారు. దానికి అతని కొలతలకు కుట్టిన సూటే తొడిగారు. గుండె మీద అతని పేరున్న పట్టీ కూడా అలాగే ఉంది!

ఎంత మర్యాదస్తుడండీ ఆ ప్రయాణికుడు! కౌంట్‌డౌన్ రెండుసార్లు ఆపితే విసుక్కున్నాడా? కిటికీ పక్క సీటు కావాలన్నాడా? భూమి చుట్టూ మూడు చుట్లు తిరిగొచ్చి సముద్రంలో దభీమని పడితే, "అమ్మో" అన్నాడా? మా బావమరిది లిఫ్టులో నాలుగో అంతస్తుకొచ్చినా మంచినీళ్ళు అడుగుతాడు!

నౌక తలుపు తీశాక, రూలు ప్రకారం ప్రయాణికుడి ముందు నలభై ప్రశ్నల ఫారం పెట్టారు. ఊపిరి ఆడిందా? సీటు ఒత్తుకుందా? గాలి చల్లగా తగిలిందా? సూటు మీదున్న పేరే ఫారం మీదికీ ఎక్కింది. గంటసేపు చూసినా ప్రయాణికుడు పెన్ను ముట్టలేదు. గుమస్తా కింద "ఫిర్యాదులు లేవు" అని రాసి స్టాంపు గుద్దాడు.

కమిటీ మురిసిపోయింది. నౌక భేష్, వచ్చే నెల మనిషిని ఎక్కించవచ్చని తీర్మానించింది.

ఆ మనిషి మా బావమరిదే. తన సూటు తాను తెచ్చుకోవడానికి వెళ్ళి, బొమ్మ హెల్మెట్ తీసి చూసి, అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు.

"బావా, బొమ్మకి ముక్కు లేదు!"

"మొదట్నుంచీ లేదేమోరా."

"ఉంది బావా! కరిగి గడ్డం మీదికి జారింది. హెల్మెట్‌లోకి చల్లగాలి ఊదాల్సిన గొట్టం సెగ కక్కింది. వచ్చే నెల దాని ముందు కూర్చునేది నేనే!"

"వేడి కొలిచే మీటరుందిగా?"

"దాని మాట రాయడానికి ఫారంలో గడి లేదట!"

పరుగున వెళ్ళి కమిటీ ఛైర్మన్‌కు చెప్పుకున్నాడు.

"వెళ్ళొచ్చినవాడే ఏమీ అనలేదు కదయ్యా, మధ్యలో నీ గోలేంటి?" అన్నారాయన.

"సార్, అది బొమ్మ సార్!"

"ఆరేళ్ళలో నువ్వు నేర్చుకోనిది అదేనయ్యా. చూడు, ఎంత క్రమశిక్షణో!"

మా వాడు ఊరుకునే రకమా? ఫారం మీద ఉన్నది తన పేరే కాబట్టి, దాన్ని లాక్కుని "ముక్కు కరిగింది" అని రాసి సంతకం పెట్టాడు. పేరూ సంతకమూ సరిపోయాయి. గుమస్తా కాదనలేకపోయాడు. ఫిర్యాదు నమోదైంది! కమిటీ కదిలిపోయింది. మూడు రోజులు తలుపులేసుకుని చర్చించింది.

నిన్న తీర్మానం వచ్చింది.

"ఏమండీ, గొట్టం బాగుచేస్తారటా?" అని మా ఆవిడ నా భుజం మీంచి తొంగిచూసింది.

పైకి చదివాను: "ప్రయాణికుడి ముక్కు కరిగినందున, ఇకపై బొమ్మలను ముక్కు లేకుండా తయారు చేయవలెను."

గొట్టం ఊసే లేదు. వచ్చే నెల ప్రయాణం తేదీ మాత్రం అలాగే ఉంది.

అందుకే మళ్ళీ మనవి చేస్తున్నాను. బొమ్మలనే పంపండి! మూడు చుట్లు కాదు, ముప్పై చుట్లు తిప్పండి! కమిటీ తీర్మానంలో వెతికినా లోపం దొరకదు. కాకపోతే మా బావమరిదికి ముక్కుంది, అదీ కాస్త పెద్దదే. వాళ్ళక్క పొద్దుటి నుంచి మా ఇంట్లో అతని ఎదురుగా కూర్చుని దాన్నే చూస్తోంది.