నెత్తళ్ల పేపరు సమీక్షా సంగ్రామము

బొబ్బిలి వీణకు శ్రుతి కుదిరిన శుభసమయమున, కొత్తవలస గేటు వద్ద కిరండూలు వైపు పోవు గూడ్సు ఒకటి సకల వాహనముల సహనమును పరీక్షించుచు కదలక నిలిచిన వేళ, శ్రావణ మేఘములు కురియుటకు మనసొప్పక ఉక్కను మాత్రము ఉదారముగా పంచుచున్న ఒకానొక మధ్యాహ్నమున, విజయనగర సమీపమందలి ఒక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో, కరెంటు పోయి వచ్చి ఫ్యాను రెక్కలు పునర్జన్మమెత్తిన ఆ క్షణమున, అధ్యాపకురాలు హేమ కంప్యూటరు తెరపై ఒక ఈమెయిలు అవతరించెను. వినుడు, పండితులారా! టీ తాగువారు తాగుచునే వినుడు. ఇది చేపల కథ.

ఎవ్వతె ఈ హేమ? శ్రీకాకుళ సాగరతీరమున చేపలెండబెట్టి సంతలో అమ్మి, బేరమున ఎదురులేని తాతమ్మ అను నామెకు ఏకైక పుత్రిక. నెత్తళ్లను, అనగా వ్రేలెడు చిరుచేపలను, ఇసుకపై ఎండబెట్టుట మేలా, నేలకు ఎత్తుగా కట్టిన వెదురు తడికెపై ఎండబెట్టుట మేలా అను మహాప్రశ్నను చేపట్టి, మండువేసవిలో తల్లితో కూడ తీరమున నిలిచి, కాకులతోను కుక్కలతోను ఘోర సమరము సలిపి, తడికెయే మేలని ఋజువు చేసిన ధీర. ఆ ఋజువును పేపరుగా వ్రాసి, తమ కళాశాలయే జరుపు జాతీయ సదస్సునకు పంపియుండెను. సదస్సు దానిని స్వీకరించినగాని పిహెచ్‌డి థీసిసు సమర్పించు అర్హత లేదు. రిజిస్ట్రేషను గడువో ఈ యేటితో సరి. పేపరు తిరిగివచ్చెనా, ఇన్నేండ్ల చదువు ఉప్పు పట్టని చేపయగును.

ఈమెయిలు తెరచెను. మొదటి సమీక్షకుడు "బాగున్నది" అని ఒక్క ముక్క వ్రాసి తన దారిన తాను పోయెను. రెండవ సమీక్షకుడు అట్టివాడు కాడు. ఆ శత్రుభయంకరుడు ఇంగ్లీషున సంధించిన బాణపరంపరకు తెలుగు ఇది: "ఈ రచయితలకు ఎండయననేమో తెలియదు, చేపయననేమో అసలే తెలియదు. ఆరబెట్టు శాస్త్రమున అగ్రగణ్యులైన ప్రొఫెసర్ జగన్నాధం గారి పేపర్లను వీరు కన్నెత్తి చూచిన జాడ లేదు. వాటినన్నింటిని దిగువ ఇచ్చితిని. చదివి బాగుపడుదురు గాక! ఈ పేపరును తిరస్కరించుచున్నాను."

హేమ దానిని మరల చదివెను. "ఓరీ అజ్ఞాత వీరుడా! నీ ముఖము చూపు, నీ పేరు చెప్పు, నెత్తళ్ల సాక్షిగా నిన్ను నిలదీసెద!" అని ఆమె హృదయము గర్జించెను. నోరు మాత్రము "ఇదేటి?" అని సరిపెట్టెను.

ఏలననగా, ఆ పేపరున మొట్టమొదటి రచయిత సాక్షాత్తు జగన్నాధం గారే.

ఇక్కడ రెండు ధర్మములు విప్పవలెను. మొదటిది సదస్సు ధర్మము: పేపరు మీది పేర్లు చెరిపి సమీక్షకునికి పంపవలెను, ఎవరిని కొట్టుచున్నాడో వానికి తెలియరాదు, ఎవరు కొట్టిరో రచయితకు తెలియరాదు. రెండవది ఆ విభాగపు ధర్మము: ఎవరు ఏ పేపరు వ్రాసినను, పూజలో గోత్రము చెప్పినట్లు, ముందుగా విభాగాధిపతి జగన్నాధం గారి పేరుండవలెను. చదువవలెనన్న నియమము మాత్రము ఎన్నడును లేకుండెను. సదస్సు భారమును మోయు ధర్మేంద్ర అను అధ్యాపకుడు, వచ్చిన పేపర్లన్నియు ఆ విభాగపువే కావున జగన్నాధం గారికి సమీక్షకు ఏ పేపరిచ్చినను అది వారిదే కాక తప్పదని గ్రహించి, కన్నులు మూసుకొని చేతికందినది ఇచ్చెను. ఆయనను తప్పుపట్టరాదు, వేరు దారి లేదు.

హేమ ఆ సమీక్షను కాగితమున అచ్చొత్తి, చున్నీని నడుమునకు బిగించి, విభాగాధిపతి గదికి కదలెను. లోపల ఆ విద్వత్కేసరి, గోడనిండ శాలువా సన్మానముల ఫొటోలు వెలుగ, భోజనానంతరము వక్కపొడి నములుచుండెను. తరగతిలో ఇంగ్లీషు తప్ప ఆడని ఆ నోరు, భోజనము చేసినప్పుడును భయము వేసినప్పుడును పుట్టినూరి భాషకు మరలును.

"సార్, రెండో రివ్యూయరు రాసింది చూడండి," అని ఆమె కాగితము ముందుంచెను.

ఆయన చదివెను. చదువుచు చదువుచు వికసించెను. "ఎవులో గాని గొప్పోడమ్మా. ఇంత సదువుకున్నోడు ఈ సుట్టుపక్కల ఉన్నాడేటి? నా పేపర్లన్నీ వరసగా రాసీసినాడు సూడు." అంతలో తన గుట్టు తనకే తెలిసినట్లు ముసిముసిగా నవ్వెను. "సరేలే, నీకు సెప్పకూడదు గానీ, ఇది రాసినోడిని నాను బాగా ఎరుగుదును. ఏ ఎదవ పేపరో, రిజెక్ట్ సేసి మంచి పని సేసినాడు."

"మన పేపరే సార్. నెత్తళ్లది."

"మనదేటి?"

"మొదటి పేరు మీదే సార్."

ఆహా! ఆ సంకటమునేమని వర్ణింతును! దవడలో వక్కపొడి ఎక్కడిదక్కడ నిలిచెను. ఒక్క కుర్చీలో ఇరువురు జగన్నాధములు ఎదురెదురుగా మోహరించిరి. రచయితయగు జగన్నాధము గెలిచెనా, సమీక్షకుడగు జగన్నాధము మూర్ఖుడగును. సమీక్షకుడు గెలిచెనా, రచయితకు చేపయననేమో తెలియదని లోకము చాటును. ఎటు కత్తి దూసినను తెగునది తన మెడయే. పాపము, ఆయన మంచినీళ్ల సీసా వెదకికొనెను.

"జవాబు రాయడానికి సాయంత్రం వరకే టైముంది సార్," అని హేమ రెండవ కాగితము తీసెను. "ఇలా రాశాను. రివ్యూయరు గారన్నది నిజమే. మా మొదటి రచయిత ప్రొఫెసర్ జగన్నాధం గారు ఈ పేపరు చదవలేదు."

"అలాగ రాసీకమ్మా. ధర్మేంద్ర సూస్తాడు. ఊరంతా సెప్తాడు."

"మరేటి రాయమంటారు?" హేమకు కోపము వచ్చెను. ఇన్నేండ్లుగా రానిది ఒక్కసారిగా వచ్చెను. తల్లి యాస కూడ దానివెంటనే వచ్చెను. "సేపంటే ఏటో మాకు తెలీదని రాశారు. ఆ సేపలు ఎండబెట్టింది మా అమ్మ సార్. కాళ్లు బొబ్బలెక్కి, ఆ ఇసకలో నిలబడి తిరగేసింది. తెలీదని నాను ఒప్పుకోను. పేపరు సదివి తప్పు సూపించండి, దిద్దుకుంటాను. సదవకుండా తిట్టకండి."

కళింగసీమ కొలువులలో ఎందరు వీరులు ఎన్ని ప్రతిజ్ఞలు చేసిరో గాని, విభాగాధిపతితో ఇంత మాట అన్నవారు లేరు. జగన్నాధం గారు ఆమెను చూచెను, తలుపును చూచెను, గోడమీది శాలువాలను చూచెను. పిమ్మట గంభీర స్వరమున ఇట్లు పలికెను:

"సూడమ్మా, గురువన్నోడు దీవించాల గానీ శిష్యుల పేపర్ల మీద పేరెట్టుకోకూడదు. నా పేరెందుకెట్టినావు? తీసీ."

పెట్టుమన్నది తానేయని ఆమె గుర్తుచేయలేదు. గెలుపు గుమ్మములోకి వచ్చినప్పుడు పాత లెక్కలు తీయరాదని తాతమ్మ కూతురికి తెలియును.

"ఆ రివ్యూయరు కూడా మనసు మార్సుకుంటాడేమో. నాకేటి తెలస్తాది, అడిగి సూస్తాను," అనెను ఆయన, తన కంప్యూటరు వైపు తిరుగుచు.

ఆ సాయంకాలమే రెండవ సమీక్షకుని హృదయము కరగెను. పూర్తిగా కాదు, వీరుడు వెనుకంజ వేసినను వీపు చూపడు గదా. వేదికపై ప్రసంగము వద్దు, పోస్టరు చాలు. జగన్నాధం గారి పేపరు ఒక్కటైనను ఉటంకింపవలెను. హేమ సరేయని, పలాస జీడిపప్పు ఆరబెట్టుటపై ఆయన పేరున్న పేపరును అడుగున చేర్చెను. పోస్టరైననేమి, ఆమోదము ఆమోదమే. థీసిసు సమర్పించుటకు అడ్డు తొలగెను.

సదస్సు నాడు ఆ పోస్టరుకు దక్కిన స్థానము భోజనశాల ప్రక్కన చేతులు కడుగు కొళాయి దగ్గర. తాతమ్మ పెట్టెలోని పట్టుచీర కట్టి, తొలి బస్సుకు వచ్చి, దానియెదుట నిలిచెను.

"నీ పేరేదే?"

హేమ చూపెను.

"ముందర ఇంకెవుల్దీ లేదేటి?"

"లేదమ్మా. నాదొక్కటే."

తాతమ్మ ఆ అక్షరములను వ్రేలితో తడిమెను. కన్నులు చెమర్చెను. అంతలో కొళాయి తుంపర్లు చూచి మొగము చిట్లించెను. "ఎండు సేపని తీసుకొచ్చి నీల దగ్గరెట్టినారేటే? బుద్ధి లేదేటి వీళ్లకి?"

అప్పుడే బిరియానీ చేతితో జగన్నాధం గారు విచ్చేసెను. కొళాయి యొద్ద వరుస సాగుచుండెను. ముందున్న అతిథి సబ్బుకై వెదకుచుండెను. ఎటు చూచినను పోస్టరే. చేయి ఎత్తిపట్టుకొని, కదలు దారిలేక, ఆయన మొదటి వాక్యము చదివెను. రెండవది చదివెను. కనుబొమలు ముడివడెను.

"ఇసక మీద ఆరబెడితే ఏటవుతాదమ్మా?" అని పక్కనున్న తాతమ్మనడిగెను.

"సదువుకున్నోరు, అందులో రాసున్నాది గదా బాబూ. సదవండి."

ఆయన చదివెను. వరుస ముందుకు జరిగినను కదలలేదు; వెనుకవారు దాటిపోయినను గమనింపలేదు; వ్రేళ్లకంటిన మసాలా ఎండిపోవుచుండగా చివరివరకు చదివెను. "బాగానే ఉన్నాది," అని తనలో తాననుకొని, చేయి కడుగుకొనుట మరచి వెడలిపోయెను.

విజయము! దిగ్విజయము! దుందుభులు మ్రోగుగాక! మొదట పేరు పెట్టుకొన్నవాడును, పిదప తిరస్కరించినవాడును, ఆపై ఆమోదించినవాడును తానొక్కడేయైన ఆ మహాపురుషుని చేత, హేమ వ్రాసిన నెత్తళ్ల పేపరు, ఆ కొళాయి ప్రక్కన, చివరకు చదువబడెను.